మట్టిని బట్టలా ఉతికాను

ముందే ఒప్పుకుంటాను. మిల్లు వెనక చచ్చిపడి ఉన్న నేలను బతికించింది నేనేనని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయినవాణ్ణి. దాన్ని మళ్ళీ చంపించింది కూడా నేనే. మొదటి పనికి ఆరేళ్ళు పట్టింది, ఇంకో ఇద్దరి సాయం కావలసివచ్చింది. రెండో పనికి పావుగంటా, నా నోరూ సరిపోయాయి.

సూరత్‌లో మగ్గాల మీదా రంగుల మిల్లుల్లోనూ ఇప్పుడు పనిచేస్తున్న మన పిల్లలు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను. చదివి బాగుపడతారన్న ఆశ లేదు. నేను చేసిన తప్పులు మీరూ చేస్తే కనీసం కొత్తవి అనుకోకుండా ఉంటారు.

మాది సిరిసిల్ల పక్క. మేనమామ వెంట సూరత్ వచ్చి, పర్వత్ పాటియాలో పవర్‌లూమ్ మీద నిలబడ్డాను. చెవులు సగం పోయాక ఊరి అవతల ఒక డైయింగ్ మిల్లులో చేరాను. పేరు చెప్పను, వాళ్ళ ఉప్పు తిన్నాను. మిల్లు వెనక నేల నాకన్నా ఎక్కువ తిన్నది, అసలు కథ అదే.

పాలిస్టర్ చీర మెత్తగా జారాలంటే దాన్ని కాస్టిక్ సోడాలో ఉడకబెట్టాలి. ఆ నీళ్ళన్నీ చివరికి మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటుకు వస్తాయి. అక్కడ నీరు తేటపడుతుంది, అడుగున బురద మిగులుతుంది. ఆ బురదనూ, బాయిలర్ బూడిదనూ ఏళ్ళ తరబడి ప్లాంటు వెనక రెండు విఘాల, అంటే ఎకరం పైచిలుకు, జాగాలో పోశారు. కాయితాల ప్రకారం అది వేరే చోటికి వెళ్ళేది. ఎండాకాలం ఆ నేల మీద తెల్లటి పొక్కు లేచేది, తలలో చుండ్రులాగా. వానాకాలం నల్లమట్టి జిగురై, మోకాలిలోతు నీరు దీపావళి దాకా ఇంకకుండా నిలబడేది. ఒకసారి లారీ దిగబడితే తీయడానికి మూడు రోజులు పట్టింది. గడ్డి కూడా మొలిచేది కాదు. కుక్కలు కూడా చుట్టు తిరిగి పోయేవి.

ఉద్యోగం ఇంకో ఏడేళ్ళుందనగా ప్లాంటు ఆపరేటర్‌గా నన్ను అక్కడ వేశారు. ఆ ఏడాదే కాలుష్యం తనిఖీకి వచ్చినవాళ్ళు మిల్లుకు గ్రీన్ బెల్ట్, అంటే రూలు ప్రకారం ఉండాల్సిన చెట్ల జాగా, ఏదని అడిగారు. మేనేజర్ సాబ్ మమ్మల్నందరినీ నిలబెట్టి, వ్యవసాయం తెలిసినవాళ్ళు ఎవరని అడిగాడు. మా బాయిలర్ దోస్తు, వేములవాడ పక్కవాడు, నవ్వు ఆపుకుంటూ నన్ను చూపించి, ఈయన ఊళ్ళో పటేల్ అన్నాడు. మా దిక్కు పటేల్ అంటే పెత్తనం, భూమి ఉన్నవాడు. గుజరాత్‌లో అది పెద్ద రైతుకులం పేరు. మేనేజర్ కూడా పటేలే. నన్ను కొత్త కళ్ళతో చూశాడు.

కాదని చెప్పవలసింది. మా ఇంట్లో ఏడు తరాలుగా తెలిసిన భూమి మగ్గం గుంట ఒక్కటే, అదీ కాళ్ళు పెట్టుకోవడానికి. నెల జీతం మీద బతికినవాణ్ణి, నాకు నెల తెలుసు గాని నేలేం తెలుసు? కాని ముప్పై ఏళ్ళలో ఆ మిల్లులో ఎవరూ నా వైపు అట్లా చూడలేదు. “హా సాబ్,” అన్నాను. అది మొదటి తప్పు.

రెండో తప్పు మన పనివాళ్ళు తప్ప ఇంకొకరు చేయలేనిది. కాస్టిక్‌లో ఉడికిన బట్టను ఏం చేస్తామో మీకు తెలుసు. యాసిడ్ నీళ్ళలో కడుగుతాం. రంగు కాయితం ముంచి చూస్తాం. నీలం పోయి ఆకుపచ్చ వస్తే బట్ట తయారు. నేను నేల మట్టిని గ్లాసు నీళ్ళలో కలిపి కాయితం ముంచాను. ముదురు నీలం వచ్చింది. ఇంకేం, రోగం కాస్టిక్, మందు యాసిడ్, డాక్టర్ నేను. స్టోర్ నుంచి ఎసిటిక్ యాసిడ్ క్యాన్లు తెచ్చి, నీళ్ళలో కలిపి, పైపుతో రెండు విఘాలూ తడిపాను. మూడు రోజులు మిల్లు వెనకంతా పచ్చళ్ళ ఫ్యాక్టరీ వాసన.

మళ్ళీ కాయితం ముంచాను. ఆకుపచ్చ. గుంతలు తవ్వి, నర్సరీ నుంచి వచ్చిన అశోక మొక్కలూ, గుల్‌మొహర్లూ వరసగా నాటించాను. దారం పట్టి నాటించాను, పోగుకూ పోగుకూ మధ్య తేడా రాకుండా. మా ప్లాంటులోంచి వచ్చే తేట నీళ్ళు రోజూ పెట్టించాను. ఆ నీళ్ళ మీద నాకు చాలా గర్వం. అద్దంలా ఉండేవి. కాయితం కూడా ఆకుపచ్చే చూపించేది. కాని కాస్టిక్‌లో యాసిడ్ కలిస్తే మిగిలే ఉప్పు కాయితం మీద కనబడదు, గ్లాసులోనూ కనబడదు. దాన్ని నేను రోజుకు రెండుసార్లు మొక్కలకు తాగించాను.

ఇరవై రోజులకు అశోకలు అంచుల నుంచి మాడాయి. నెలకు గుల్‌మొహర్లు. తెల్లపొక్కు మళ్ళీ లేచింది, ఈసారి నేను నీళ్ళు పోసిన గుంతల చుట్టే, గుండ్రంగా, ముగ్గు పెట్టినట్టు. బాయిలర్ దోస్తు రోజూ గేటు దగ్గర పలకరించేవాడు, “ఏంది పటేలా, నాట్లు అయినయా? కోతలెప్పుడు?” అని.

అప్పుడే ఊడ్చే ఆమె వచ్చింది. కాంట్రాక్టులో మిల్లు ఆవరణ ఊడ్చే మనిషి. జగిత్యాల వైపు కాపుల ఇల్లు. బోరు ఎండి, మొగుడు మగ్గానికి వస్తే వెంట వచ్చింది, మేముండే కోసాడ్ కాలనీలోనే మా బిల్డింగుకు రెండు బిల్డింగుల అవతల ఉండేది. నేను రెండో విడత యాసిడ్ కలుపుతుంటే చీపురు ఆనించి నిలబడింది.

“ఏం చేస్తున్నవే అన్నా?”

నేలను న్యూట్రల్ చేస్తున్నానని వివరంగా చెప్పాను. కాయితం కూడా చూపించాను. ఓపిగ్గా విన్నది.

“గిది బట్ట కాదన్నా. బట్టకు రంగేస్తే సాలు. దీనికి బువ్వ వెట్టాలె.”

ఆ తర్వాత ఆమె చెప్పింది చెప్పినట్టు చేశాను. చేశానంటే, ఆమె చేస్తుంటే నేను బరువులు మోశాను. మొదట నేల చుట్టూ గట్లు వేసి, వాన నీళ్ళను బయటికి పోనివ్వకుండా ఆపి, మట్టిలోని ఉప్పు వాటితో పాటు కిందికి దిగేట్టు చేసింది. నీళ్ళు దిగడానికి దారి కావాలంటే నేల పగలాలి. నేలను పగలగొట్టేది గునపం కాదు, వేరు అని చెప్పింది. అశోకలను పీకి పారేసింది. రోడ్డు వారనుంచి కానుగ కాయలు ఏరుకొచ్చింది. వేప గింజలు నానబెట్టింది. ఇక్కడివాళ్ళు గాండో బావళ్, పిచ్చి తుమ్మ, అని తిట్టే ముళ్ళ తుమ్మను గట్ల మీద వేసింది. అది పిచ్చి చెట్టు అన్నాను. “పిచ్చి నేలకు పిచ్చిదే దొరుకుతది,” అన్నది. బర్రెల తబేలా నుంచి పేడ తెచ్చి గుంతల్లో నింపాం. అది నింపుతున్నప్పుడు నన్ను ప్లాంటు దగ్గర ఎవరూ కూర్చోనిచ్చేవారు కాదు. యాసిడ్ వాసనకన్నా నయమేనని నేను మాత్రం అన్నాను.

నీళ్ళ సంగతి బాయిలర్ దోస్తు తేల్చాడు. ఎన్ని జోకులు వేసినా వాడికి నీళ్ళ గురించి తెలిసినంత మిల్లులో ఎవరికీ తెలియదు. మిషన్లలో తిరిగిన ఆవిరి చల్లబడి మళ్ళీ నీరవుతుంది కదా, ఆ నీళ్ళలో ఉప్పుండదు. పాత పైపులు కారి అవి ఊరికే కాలువలోకి పోతున్నాయి. వాడు చెప్పకుండా, అడగకుండా, ఒక ఆదివారం పాత పైపు ముక్కలు అతికి ఆ కారే నీళ్ళను మా గట్ల దగ్గర డ్రమ్ములోకి మళ్ళించాడు. “చల్లారినంక పొయ్యు పటేలా. మొక్కలను గూడ ఉడకబెట్టకు,” అన్నాడు. వాడి చేతి నుంచి వచ్చిన మర్యాద అదొక్కటే.

మొదటి రెండేళ్ళూ చూపించుకోవడానికి ఏమీ లేదు. ఉద్యోగంలో ఇది మీకు చెప్పరు. ముళ్ళ తుమ్మ ఒక్కటే లేచింది. కానుగలు జానెడు పెరిగి నిలబడిపోయాయి. మూడో ఏడు కానుగ ఆకు రాల్చింది. అక్కడ మేనేజర్‌తో గొడవ మొదలైంది. ఆయనకు గ్రీన్ బెల్ట్ అంటే ప్యాంటుకు బెల్టులాగా నున్నగా, మెరుస్తూ ఉండాలి. “కాకా, యే కచ్‌రా క్యోం పడా హై?” అనేవాడు ఆకులను చూపించి, ఈ చెత్తేంటని. ఊడ్పించమనేవాడు. ఊడ్చే ఆమెకు ఊడ్వకుండా ఉండటం కన్నా కష్టమైన పని దొరకలేదు. మేనేజర్ రౌండుకు వచ్చే రోజు పొద్దున ఆకులన్నీ గట్టు అవతలికి ఊడ్చేది. ఆయన వెళ్ళాక మళ్ళీ ఇవతలికి ఊడ్చేది. కాంట్రాక్టర్ రిజిస్టరులో రెండూ ఊడ్పులే.

ఆ ఆకులు వానకు తడిసి, మెత్తబడి, నల్లబడ్డాయి. వాటి కింద ఏదో జరుగుతున్నదని నాకు తెలియదు. నేను కాయితం ముంచుతూనే ఉన్నాను, అలవాటు పోలేదు. నీలం కొంచెం కొంచెం వెనక్కి తగ్గింది. నేను ఒక్క చుక్క యాసిడ్ పోయలేదు.

అయిదో ఏడు మొదటి వానకు గొడుగు పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. ఎప్పటిలాగే నీరు నిలుస్తుందని బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను. నీరు నిలవలేదు. చెట్ల మొదళ్ళ దగ్గర బుడబుడమని లోపలికి పోతున్నది. వేర్ల వెంట దారి పడింది. ఊడ్చే ఆమె వంగి ఆకులు తొలగించి చూపించింది. వేలెడు మందాన నల్లటి పొర, గోరుతో గీస్తే పొడిపొడిగా రాలింది. అందులో ఒక వానపాము. అది ఎట్లా వచ్చిందో, ఏ దారిన వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. నేను చీరలు నేసినప్పుడు గాని, నా పెళ్ళి రోజు గాని అంత సేపు ఒకదాన్ని చూస్తూ నిలబడలేదు. మా ఆవిడ ఇది చదవదు గనక రాశాను.

మొట్టమొదటి రోజు అక్కడి తెల్లమట్టిని ఒక పచ్చడి సీసాలో తీసి ఇంటికి తెచ్చుకున్నాను, తర్వాత పోల్చి చూసుకుందామని. మా ఆవిడ దాన్ని ఉప్పనుకుని ఒకసారి పప్పులో వేయబోయింది. తర్వాత అటక మీద పెట్టాం. ఆ వాన రోజు సాయంత్రం సీసా దించి చాలాసేపు చూసుకున్నాను.

ఇక నా మూడో తప్పు. ఆరో ఏడు, వానలు తగ్గాక, సేఠ్ వచ్చాడు. మిల్లు యజమాని. ఆయన ప్లాంటు దాకా రావడం నేనెప్పుడూ చూడలేదు. వెంట మేనేజర్. నాకు రిటైర్మెంటు ఇంకో ఎనిమిది నెలలుంది. ఒక్కసారైనా ఆయన ఆ నేలను చూడాలని నా కోరిక.

పిలవకుండానే వెళ్ళి మాట్లాడాను. నా హిందీ ఏనాడూ అంత చక్కగా రాలేదు. ఇక్కడ మోకాలిలోతు నీళ్ళుండేవి సేఠ్‌జీ, ఇప్పుడు వాన పడ్డ గంటకు చెప్పులతో నడవొచ్చు అన్నాను. అప్పుడు లారీ దిగబడేది, ఇప్పుడు మీ కారు తెచ్చి నిలపండి అన్నాను. కాలితో తన్ని మరీ చూపించాను. బురద ఏదీ, వాసన ఏదీ అన్నాను. గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టాను. ఆయన పెద్దమనిషి, వాసన చూశాడు.

“బఢియా,” అని మెచ్చుకున్నాడు. తర్వాత మేనేజర్ వైపు తిరిగి గుజరాతీలో ఏదో అన్నాడు. నాకు గుజరాతీ బాగానే వస్తుంది. ఆ రోజు రాకుండా ఉంటే బాగుండేది. గోదాముకు జాగా లేదని మూడేళ్ళుగా అంటున్నావు, ఇంత మంచి జాగా ఇక్కడే పెట్టుకుని, అని ఆయన అన్నాడు.

ఆరేళ్ళూ ఆ నేలను కాపాడింది దాని చెడ్డపేరు. దాన్ని నేను నా నోటితో కడిగేశాను. ఈసారి యాసిడ్ కూడా అక్కర్లేకపోయింది.

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. తనిఖీకి గ్రీన్ బెల్ట్ ఉండాలి కదా సాబ్ అన్నాను. ఆయన విసుక్కోలేదు, అది ఇంకా బాధ. కాకా, బెల్ట్‌ను మ్యాపులో ముందు గేటు వైపుకి మారుస్తాం, అక్కడ కుండీలు పెడతాం, మీరే చూసుకోండి అన్నాడు. చెట్లు మళ్ళీ పెరుగుతాయి కదా అన్నాడు. చెట్లు పెరుగుతాయి సాబ్, నేల గురించి అడుగుతున్నాను అన్నాను. నేల ఎక్కడికి పోతుంది, గోదాము కిందే ఉంటుంది అని నవ్వాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

జేసీబీ బుధవారం పొద్దున వచ్చింది. డ్రైవరు ఉత్తరాదివాడు, పని తెలిసినవాడు. ఒక్కో కానుగను పక్కకు నెట్టి, వేరుతో సహా లేపాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు చెట్ల పని అయిపోయింది. తర్వాత పై మట్టి గీకడం మొదలుపెట్టాడు. పునాదికి మెత్తటి మట్టి పనికిరాదట. ఆరేళ్ళ ఆకు, పేడ, జేసీబీ మూడు చాళ్ళు నడిచేసరికి ఒక కుప్పై పోయింది. దాని కింద నుంచి పాత నేల బయటపడింది, ఇంకా బూడిద రంగుతోనే. పైన ఒక జానెడే మారింది. నేను ఆరేళ్ళలో బాగుచేసింది ఒక జానెడు. ఆ సంగతి ఆ రోజు దాకా నేనూ చూడలేదు.

బాయిలర్ దోస్తు పైపు దగ్గర నిలబడి ఉన్నాడు. వంగి, వాల్వు కట్టేసి, లోపలికి పోయాడు.

ఊడ్చే ఆమె ఒక రేకు తట్ట పట్టుకుని జేసీబీ వెనక నడుస్తున్నది. మట్టి కుప్పలోంచి ఏదో ఏరుతున్నది. దగ్గరికి వెళ్తే వానపాములు.

“యాడ పెడుతవు చెల్లె?” అన్నాను.

చుట్టూ చూసింది. ఒకవైపు బూడిద, ఇంకోవైపు కాలువ, మూడోవైపు సిమెంటు రోడ్డు.

“ఏమో అన్నా. ఏరుడైతే ఏరుతున్న.”

సాయంత్రం రెండు సంచుల నల్లమట్టి, ఆమె తట్ట, నా సైకిల్ మీద కోసాడ్‌కు తెచ్చుకున్నాం. మా గ్యాలరీలో రెండు పాత రంగు డ్రమ్ముల్లో పోశాం. మూడో అంతస్తు మీద వానపాములు బతుకుతాయో లేదో ఆమెకూ తెలియదు. ఊడ్వడానికి వెనక జాగా లేదు గనక మరుసటి నెల కాంట్రాక్టర్ ఆమెను వద్దన్నాడు. వాళ్ళు ఊరికి పోయారు. అక్కడ బోరు సంగతి ఏమైందో తెలియదు. నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. పాలిస్టర్.

ఆ శాలువాతో ముగిద్దామనుకున్నాను. పోయిన శీతాకాలం మేనేజర్ ఫోను చేశాడు.

కాకా, ఆరోగ్యం ఎట్లా ఉంది అని అడిగాడు. అంటే పని ఉందన్నమాట. తనిఖీవాళ్ళు ఈసారి గ్రీన్ బెల్ట్ నేల మట్టి కావాలన్నారట. ల్యాబుకు పంపి పరీక్ష చేయిస్తారట. ముందు గేటు కుండీల్లో మట్టి కుండీల మట్టేనని ఎవరికైనా తెలుస్తుంది. మీ ఇంట్లో ఆ పాత మట్టి డ్రమ్ముల్లో ఉందని బాయిలర్ ఆయన చెప్పాడు, ఒక్క కిలో సంచిలో కట్టి ఉంచండి, డ్రైవర్‌ను పంపుతాను అన్నాడు. మీ మట్టి అంటే ల్యాబువాళ్ళు దండం పెడతారు కాకా అని కూడా అన్నాడు. పొగడ్తకు నేను పడిపోతానని ఆయనకు బాగా గుర్తున్నట్టుంది.

“హా సాబ్,” అన్నాను. అదే రెండు మాటలు, ఏడేళ్ళ తర్వాత.

ఫోను పెట్టేసి గ్యాలరీలోకి వెళ్ళి డ్రమ్ములో చెయ్యి పెట్టాను. మట్టి చల్లగా, పొడిగా రాలింది. మా ఆవిడ అందులో వేసిన గోంగూర కింద ఒక వానపాము కదిలింది. మళ్ళీ కప్పేశాను. తర్వాత స్టూలు వేసుకుని అటక మీద నుంచి పచ్చడి సీసా దించాను. ఎన్నాళ్ళైనా తెల్లపొక్కు అట్లాగే ఉంది. అలవాటుగా చిటికెడు నీళ్ళలో కలిపి కాయితం ముంచాను. ముదురు నీలం.

దాన్ని గుడ్డ సంచిలో పోశాను. చీటీ మీద ఏ మిల్లు, ఏ జాగా, ఎవరు తీశారు అన్నీ నిజమే రాసి సంతకం పెట్టాను. వాళ్ళు అడిగింది ఆ నేల మట్టి. ఇచ్చింది ఆ నేల మట్టే. పైన అతికించిన ఆ జానెడు వాళ్ళు కోరుకున్నది, వాళ్ళే గీకి పారేసుకున్నది. ఈ రిపోర్టుతో ఏదో మారిపోతుందని నేను అనుకోవడం లేదు. ఇంకో ల్యాబు ఉంటుంది, ఇంకో కాయితం ఉంటుంది. అయినా ఒక పూట ఆ మేనేజర్, ఒక నీలం కాయితం పట్టుకుని, జవాబు లేకుండా నిలబడతాడు. నేను నిలబడలేదా?

సంచి మూతికి మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి వేశాను. లాగినకొద్దీ బిగిసేది. విప్పి లోపల చూడాలంటే కోయాల్సిందే, కోస్తే ల్యాబువాళ్ళు తీసుకోరు. నలభై ఏళ్ళ తర్వాత చేతులకు అది ఇంకా గుర్తుంది. డ్రైవర్ వచ్చాడు. రెండు చేతులా అందించి, సాబ్‌కు నా నమస్తే చెప్పమన్నాను.